తపాలాలో వచ్చిన నవ్వులు

హాస్యమును మన పెద్దలు నవరసములలో ఒకటిగా ఎంచినారు. భరతముని నాట్యశాస్త్రమందు నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆరు విధములుగా విభజించి, ఉత్తములు ఎట్లు నవ్వుదురో, అధములు ఎట్లు నవ్వుదురో కూడ వివరించినాడు. అయితే ఆ ఆరు గదులలో దేనియందును సులభముగా ఇమడని నవ్వు మరియొకటి కలదు. మొదటిసారి చూచినపుడు ‘ఇందులో నవ్వవలసినది ఏమున్నది?’ అని తోచును. రెండవసారి చూచినపుడు పెదవి కదలును. మూడవసారికి, ప్రక్కనున్నవారు విస్తుపోయి చూచుచున్నను, ఆపుకొనలేని నవ్వు వచ్చును. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధమున బ్రిటిష్ టెలివిజన్ ఇట్టి వింత హాస్యమును విశేషముగా పండించినది.

ఈ హాస్యము అందరికిని రుచించునది కాదు. కొద్దిమందికి మాత్రమే రుచించు వస్తువు బ్రతుకవలెనన్నచో దానిని భద్రపరచు చోటు ఒకటి, కోరినవారి వద్దకు చేర్చు దారి ఒకటి ఉండవలెను. ఇవి లేనిచో అది పుట్టిన ఊరిలోనే కనుమరుగగును. 1998 నుండి 2023 వరకు, అనగా పాతికేండ్లపాటు, అమెరికాలో తపాలా ద్వారా అద్దెకు వచ్చిన డీవీడీలు ఆ చోటును, ఆ దారిని ఒకేసారి సమకూర్చినవి. ఆ హాస్యము ఎట్టిదో, ఆ దారి ఎట్లు ఏర్పడి ఎట్లు మూతపడినదో తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

అహ్మద్‌నగర్‌లో పుట్టిన వింత

ఈ హాస్యమునకు మూలపురుషుడని చెప్పదగిన స్పైక్ మిల్లిగన్ మన దేశమందే జన్మించినాడు. ఆయన తండ్రి బ్రిటిష్ సైన్యమున పనిచేసిన ఐరిష్ జాతీయుడు. 1918 ఏప్రిల్ 16వ తేదీన అహ్మద్‌నగర్‌లో పుట్టిన మిల్లిగన్ పూనాలోను, రంగూనులోను బాల్యము గడిపినాడు. తరువాత ఇంగ్లండు చేరి, రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడై పోరాడి, పీటర్ సెల్లర్స్, హారీ సీకోమ్ మొదలగు మిత్రులతో కలిసి బి.బి.సి. రేడియోలో ‘గూన్ షో’ను నడిపినాడు. 1951 నుండి 1960 వరకు సాగిన ఆ కార్యక్రమమున కథకు తలాతోకా ఉండెడిది కాదు. అయినను చిత్రవిచిత్రమైన ధ్వనులు, అసంభవమైన తర్కము శ్రోతలను మరియొక లోకమునకు తీసికొనిపోయెడివి. 1969 మార్చిలో ఆయన టెలివిజన్‌పై ‘క్యూ ఫైవ్’ అను ధారావాహికను ప్రారంభించినాడు. అంతవరకు ప్రతి ప్రహసనము చివరను నవ్వు పుట్టించు మెరుపుమాట ఒకటి ఉండితీరవలెనని నియమము ఉండెడిది. మిల్లిగన్ ఆ నియమమును త్రోసిపుచ్చి, ప్రహసనమును నడిమధ్యలో వదలి మరియొక దానిలోనికి దూకెడివాడు.

అదే సంవత్సరము అక్టోబరు 5వ తేదీన బి.బి.సి. ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ను ప్రసారము చేయ నారంభించినది. దీనిని వ్రాసి నటించినవారు ఆరుగురు. గ్రాహమ్ చాప్‌మన్, జాన్ క్లీస్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జి విద్యార్థులు. టెర్రీ జోన్స్, మైకేల్ పాలిన్ ఆక్స్‌ఫర్డు విద్యార్థులు. టెర్రీ గిలియమ్ అమెరికను. గిలియమ్ పాత చిత్రపటములను కత్తిరించి కదలించిన బొమ్మలు ఒక ప్రహసనమునకు, మరియొక ప్రహసనమునకు వంతెనలుగా ఉపయోగపడినవి. 1974 డిసెంబరు వరకు మొత్తము 45 భాగములు వెలువడినవి. మిల్లిగన్ తెరచిన తలుపు తమకు దారి చూపినదని పైథాన్ బృందమువారే పలుమారులు చెప్పియున్నారు.

నవ్వు ఎక్కడ ఉన్నది?

వీరి ప్రహసనములలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది చచ్చిన చిలుక కథ. ఒకడు తాను కొన్న చిలుక చచ్చియున్నదని దుకాణమునకు తిరిగి తెచ్చును. దుకాణదారుడు అది చావలేదనియు, విశ్రాంతి తీసికొనుచున్నదనియు వాదించును. కొనినవాడు చావును తెలుపుటకు ఇంగ్లీషు భాషలో ఎన్ని నుడికారములు గలవో అన్నింటిని వరుసగా ఏకరువు పెట్టును.

ఇందలి సొగసు మన భాషలలోనికి తెచ్చుకొన్నచో సులభముగా తెలియును. తెలుగున ఎవరైనను చనిపోయిరని చెప్పుటకు ‘కన్నుమూసినారు’, ‘కాలము చేసినారు’, ‘పరమపదించినారు’, ‘దివంగతులైనారు’, ‘కీర్తిశేషులైనారు’ అని మర్యాదగా అందుము. ఉర్దూలో ‘ఇంతెఖాల్ ఫర్మా గయే’, ‘అల్లాహ్ కో ప్యారే హో గయే’ అందురు. సంతలో కొన్న ఎద్దు చచ్చి పడియుండగా రైతు అమ్మినవాని యెదుట నిలచి ఈ మాటలన్నిటిని ఆ ఎద్దునకు వర్తింపజేయుచున్నాడనియు, అమ్మినవాడు మాత్రము ‘ఎద్దు కునుకు తీయుచున్నదండీ’ అనుచున్నాడనియు ఊహింపుడు. ఇద్దరిలో ఒక్కడును నవ్వడు. ఇద్దరును మర్యాద తప్పరు. అబద్ధమును ఇంత గంభీరముగా, ఇంత మర్యాదగా నడిపించుటయే ఈ హాస్యముయొక్క ప్రాణము. దుకాణములలోను, కార్యాలయములలోను కంటికి కనబడు సత్యమును కాదనువారితో వాదించి అలసిన ప్రతివాడును ఆ చిలుక ఎవరిదో గుర్తించును.

ఆ చెట్టునుండి అనేక కొమ్మలు వెలువడినవి. జాన్ క్లీస్, కానీ బూత్ వ్రాసిన ‘ఫాల్టీ టవర్స్’ ఒక హోటలు యజమాని కోపతాపముల కథ. 1970లో పైథాన్ బృందము టోర్కీ పట్టణమున ఒక హోటలులో దిగినపుడు అక్కడి యజమాని ప్రవర్తన దీనికి బీజమైనది. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తము పన్నెండు భాగములు మాత్రమే వచ్చినవి. ఆంటొనీ జే, జోనథన్ లిన్ వ్రాసిన ‘యెస్ మినిస్టర్’ 1980లో ప్రారంభమై, ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’గా మారి 1988 వరకు సాగినది. ఏ పనియు చేయకుండుటకు వంద కారణములు చెప్పగల ఉన్నతోద్యోగి ఇందలి నాయకుడు. ‘తమ విజ్ఞప్తి పరిశీలనలో ఉన్నది’ అను సమాధానము నెరిగిన మనకు ఆయన పరిచయము చేయనక్కరలేదు. 2001లో ఇది హిందీలో ‘జీ మంత్రీజీ’గా ఫారూఖ్ షేక్ ప్రధాన పాత్రతో వచ్చినది.

‘బ్లాక్ ఆడర్’ అనెడి చారిత్రక హాస్యధారావాహిక 1983లో ఆరంభమైనది. 1989లో ప్రసారమైన నాల్గవ ఆవృత్తి చివరి భాగమున, మొదటి ప్రపంచయుద్ధపు కందకములనుండి పాత్రలన్నియు తుపాకి గుండ్లలోనికి పరుగెత్తును. దృశ్యము మెల్లగా మాసిపోయి, ఎఱ్ఱని గసగసాల పూల పొలముగా మారును. అంతవరకు నవ్వినవారు మౌనముగా లేచిపోవుదురు. తరువాతి తరమున, ఖాతాదారులను చూచిన చిరాకుపడు పుస్తక విక్రేత కథయైన ‘బ్లాక్ బుక్స్’ 2000 నుండి 2004 వరకు 18 భాగములుగా వచ్చినది. 2004లో వచ్చిన ‘గార్త్ మరెంఘీస్ డార్క్‌ప్లేస్’ ఆరు భాగములకే ముగిసినది. ఇది 1980 ప్రాంతమున తీసి మూలపడిన ఒక భయానక ధారావాహిక వలె నటించును. చెడ్డ నటన, తప్పుడు కూర్పు, అతుకని మాటలు ఇందు బుద్ధిపూర్వకముగా చేసినవే. మొదట ప్రసారమైనపుడు దీనిని చూచినవారు తక్కువ. డీవీడీగా వచ్చిన తరువాతనే దీనికి అభిమానులు పెరిగినారు.

చెరిగిన టేపులు, తెగిన భాగములు

ఇట్టి కార్యక్రమములు కాలమును, సముద్రమును దాటుట సులభము కాలేదు. మొదటి ఆటంకము వాటిని పుట్టించిన సంస్థలోనే ఉండినది. 1960లలోను, 1970లలోను వీడియో టేపులు మిక్కిలి ఖరీదైనవి. ఒకసారి ప్రసారమైన కార్యక్రమమును మరల మరల చూపుటకు నటుల సంఘములతోడి ఒప్పందములు అనుమతింపలేదు. ఇంటిలో చూచుకొను సాధనములు ఇంకను వాడుకలోనికి రాలేదు. కావున బి.బి.సి. అనేక టేపులను చెరిపి తిరిగి వాడుకొన్నది. పీటర్ కుక్, డడ్లీ మూర్ నటించిన ‘నాట్ ఓన్లీ బట్ ఆల్సో’లో అధికభాగము ఈ విధముగా నశించినది. మిల్లిగన్ ‘క్యూ ఫైవ్’ సైతము పూర్తిగా మిగులలేదు. మూలపురుషుని గ్రంథమునకే పుటలు చిరిగిపోయినవన్నమాట.

రెండవ ఆటంకము కత్తెర. బి.బి.సి.లో వ్యాపార ప్రకటనలు లేవు గనుక అరగంట కార్యక్రమము దాదాపు పూర్తి అరగంట నడచును. అమెరికాలోని వాణిజ్య టెలివిజన్‌లో ప్రకటనలకు చోటు విడువవలెను. 1974లో డల్లాస్ నగరమందలి కె.ఇ.ఆర్.ఎ. అను ప్రజా టెలివిజన్ కేంద్రము పైథాన్‌ను అమెరికాలో చూపినపుడు ప్రకటనల బెడద లేకపోయినది. కాని 1975 అక్టోబరులో ఎ.బి.సి. అను పెద్ద వాణిజ్య సంస్థ మూడు భాగములను కలిపి 90 నిమిషముల కార్యక్రమముగా ప్రకటించి, అందులో 24 నిమిషములు కత్తిరించి ప్రసారము చేసినది. మెరుపుమాటలపై ఆధారపడని హాస్యమున మధ్యభాగము తెగినచో మిగిలినది అర్థములేని గందరగోళమే. పైథాన్ బృందము న్యాయస్థానమున కెక్కినది. 1976లో అమెరికా అప్పీలు న్యాయస్థానము, రచయితల అనుమతి లేక వారి కృతిని ఇట్లు ఛేదించి వారి పేరుతో ప్రసారము చేయుట వారి హక్కులకు భంగకరమని భావించి, అట్టి ప్రసారమును నిలిపివేయించినది. హాస్యరచనకును అంగభంగము కలుగునని న్యాయమూర్తులు గుర్తించుట ఇందలి విశేషము.

పదునారు గ్రాముల బరువు

డీవీడీ 1996 చివర జపానులోను, 1997లో అమెరికాలోను విపణిలోనికి వచ్చినది. ఇది 12 సెంటీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల ప్లాస్టిక్ బిళ్ళ. దీనిపై సర్పిలాకారమున అతిసూక్ష్మమైన గుంటలుండును. లేజర్ కిరణము వాటిని చదివి చిత్రమును, శబ్దమును తిరిగి కూర్చును. ఒక పొర గల బిళ్ళలో 4.7 గిగాబైట్ల సమాచారము పట్టును. బరువు సుమారు 16 గ్రాములు. వీడియో క్యాసెట్టు లావైనది, బరువైనది. దానిని తపాలాలో పంపుట ఖర్చుతో కూడిన పని. డీవీడీ మాత్రము ఒక జాబు వలె కవరులో ఇమిడిపోవును.

ఈ సదుపాయమును గుర్తించి మార్క్ రాండాల్ఫ్, రీడ్ హేస్టింగ్స్ 1997లో కాలిఫోర్నియాలోని స్కాట్స్ వ్యాలీలో నెట్‌ఫ్లిక్స్ సంస్థను స్థాపించినారు. 1998 ఏప్రిల్ 14న అంతర్జాలమున దాని దుకాణము తెరువబడినది. 1999లో నెలచందా పద్ధతి వచ్చినది. చందాదారుడు తనకు కావలసిన చిత్రముల పట్టికను వ్రాసి యుంచును. పట్టికలోని మొదటి డిస్కులు ఎఱ్ఱ కవరులో ఇంటికి వచ్చును. చూచిన పిదప, తపాలా ఖర్చు ముందే చెల్లించిన ఆ కవరులోనే తిరిగి పంపవలెను. పంపగానే తరువాతి డిస్కు బయలుదేరును. ఎన్నాళ్ళుంచుకొన్నను ఆలస్య రుసుము లేదు.

ఇందులో మన వ్యాసమునకు ముఖ్యమైన విషయమొకటి కలదు. వీథిలోని అద్దె దుకాణమునకు అలమరలు కొన్నియే. ప్రతి అర యొక్క అద్దె గిట్టవలెను గనుక దుకాణదారుడు ఎక్కువమంది అడుగు క్రొత్త చిత్రములనే ఉంచును. ఊరి మొత్తములో ఇద్దరు మాత్రమే కోరు బ్రిటిష్ హాస్యధారావాహికను ఆయన తెప్పింపడు. అది ఆయన తప్పు కాదు, లెక్క అటువంటిది. తపాలా సంస్థ గిడ్డంగి లెక్క వేరు. ఒక్కొక్క ఊరిలో ఇద్దరు చొప్పున దేశమంతట ఉన్నవారిని కూడినచో వేలమంది అగుదురు. వారికొరకు కొన్ని ప్రతులు కొనియుంచుట లాభసాటియే. 2004 అక్టోబరులో క్రిస్ ఆండర్సన్ ‘వైర్డ్’ పత్రికలో వ్రాసిన వ్యాసమున ఈ సూత్రమునకు ‘పొడవాటి తోక’ అని పేరు పెట్టినాడు. తల వద్ద నిలుచునవి కొద్దిపాటి ప్రసిద్ధ వస్తువులు. తోక వెంట సాగునవి కొద్దిమంది కోరు వేలకొలది వస్తువులు. ఆ తోకలోనే మన చచ్చిన చిలుకకు, చిరాకు పుస్తక విక్రేతకు చోటు దొరకినది.

పాఠకుడు గ్రంథాలయమునకు పోలేనిచోట గ్రంథాలయమే పాఠకుని వద్దకు పోవుట ఆంధ్రదేశమునకు క్రొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. ఒడ్డున నిలచిన పాఠకుడు పాత పుస్తకము నిచ్చి క్రొత్తది తీసికొనెడివాడు. ఎఱ్ఱ కవరు పని కూడ ఇట్టిదే. కాలువకు మారుగా తపాలా సంచి వచ్చినది.

బ్రిటిష్ ధారావాహికల స్వభావము ఈ పద్ధతికి చక్కగా అమరినది. అమెరికన్ ధారావాహిక ఏటికి ఇరువదికి పైగా భాగములతో అనేకుల చేత వ్రాయబడును. బ్రిటిష్ ధారావాహికను సాధారణముగా ఒకరిద్దరు వ్రాయుదురు. ఆవృత్తికి ఆరు భాగములు. ఆరు అరగంటలనగా మూడు గంటలు. ఒకటి రెండు డిస్కులలో ఆవృత్తి అంతయు, కత్తెర తగులక, ప్రకటనలు అడ్డురాక ఇంటికి చేరును. చాలా డిస్కులలో మాటలు తెర క్రింద అక్షరములుగా కూడ కనబడును. లండను వీథిభాష, యార్క్‌షైరు యాస చెవికి అందక చిక్కుపడువారికి, ముఖ్యముగా ఇంగ్లీషు మాతృభాష కానివారికి, ఇది గొప్ప మేలు. ఆపి, వెనుకకు పోయి, మరల చూడవచ్చును. మూడవసారి చూచినగాని వికసింపని నవ్వునకు ఇంతకన్న అనుకూలమైన సాధనము ఏమున్నది?

అడ్డంకులు లేకపోలేదు. డీవీడీలకు ప్రాంతసంకేతములు విధించినారు. అమెరికా ఒకటవ ప్రాంతము, బ్రిటన్ రెండవది, భారతదేశము ఐదవది. బ్రిటన్‌లో అమ్మిన డిస్కు అమెరికా యంత్రమున సాధారణముగా ఆడదు. చిత్రపద్ధతులును వేరు: బ్రిటన్‌ది 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు, అమెరికాది 525 గీతలు, సెకనుకు సుమారు 30 చిత్రములు. కావున అమెరికాలో ప్రత్యేకముగా ప్రచురింపబడిన ధారావాహికలు మాత్రమే ఎఱ్ఱ కవరు ఎక్కగలిగినవి.

ఎవరిని చూచి నవ్వుట?

ఈ హాస్యమును పొగడునపుడు ఒక ప్రశ్నను దాటవేయరాదు. ఇందు కొంత పరదేశీయుల యాసను, వేషమును ఎగతాళి చేయుట కలదు. 1977లో వచ్చిన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ రాత్రిబడిలో ఇంగ్లీషు నేర్చుకొను విదేశీయుల కథ. మన దేశమున దీనికి మంచి ఆదరణ లభించినది. 1993లో దూరదర్శన్‌లో వచ్చిన ‘జబాన్ సంభాల్‌కే’ దీని అనుసరణయే. కాని బ్రిటన్‌లో, ఇందలి పాత్రలు ఆయా జాతులను మూసపోసి కించపరచుచున్నవన్న విమర్శ వచ్చి, 1979లో దీనిని ఆపివేసినారు.

దీనికి తగిన జవాబు హాస్యమునుండియే వచ్చినది. బ్రిటన్‌లో పెరిగిన దక్షిణాసియా సంతతివారైన సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, కుల్విందర్ ఘిర్, నీనా వాడియా 1996లో రేడియోపై, 1998 నుండి టెలివిజన్‌పై ‘గుడ్‌నెస్ గ్రేషస్ మి’ని నడిపినారు. అందొక ప్రహసనమున బొంబాయికి చెందిన భారతీయ మిత్రబృందము ఇంగ్లీషు భోజనశాలకు పోయి, తెల్ల సేవకుని పేరు పలుకలేక తికమకపడి, అన్నిటికన్న చప్పనైన వంటకమేదో తెమ్మని అడుగును. లండనులోని భారతీయ భోజనశాలలలో ఇంగ్లీషువారు చేయు అల్లరియే ఇది. అద్దము మాత్రము తిరుగవేయబడినది. మొదటి ధారావాహికను చూడనివారికి ఈ రెండవ దాని పదును పూర్తిగా తెలియదు. నొప్పించిన నవ్వు, ఆ నొప్పికి బదులిచ్చిన నవ్వు రెండును నిలిచియున్నపుడే తరువాతి తరము వాటిని తూచి చూడగలదు.

మూతపడిన దారి

2007లో నెట్‌ఫ్లిక్స్ అంతర్జాలము ద్వారా నేరుగా చిత్రములను చూపుట ప్రారంభించినది. క్రమముగా డిస్కులు కోరువారు తగ్గినారు. బ్రిటన్‌లో తపాలా డిస్కులు పంపిన లవ్‌ఫిల్మ్ 2017 అక్టోబరు 31న ఆ సేవను ముగించినది. 2023 సెప్టెంబరు 29న నెట్‌ఫ్లిక్స్ తన చివరి డిస్కులను పంపినది. అంతవరకు పంపిన డిస్కులు 520 కోట్లకు పైబడినవి. ఆ చివరి డిస్కులను తిరిగి పంపనక్కరలేదని, చందాదారులే ఉంచుకొనవచ్చునని సంస్థ తెలిపినది.

అంతర్జాల ప్రసారము వేగమైనది, చవకయైనది. దానిని నిందించుట తగదు. అయితే దానియందు వస్తువు చూచువాని చేతిలో ఉండదు. ఒప్పందపు గడువు తీరినను, సంస్థ మనసు మారినను, ఒక రాత్రిలో అదృశ్యమగును. 2020 జూనులో ‘ద లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్’, ‘ద మైటీ బూష్’ అను రెండు ధారావాహికలను, ముఖమునకు నల్లరంగు పూసుకొన్న పాత్రలున్నవను కారణమున, నెట్‌ఫ్లిక్స్ తొలగించినది. ఆ నెలలోనే ‘ఫాల్టీ టవర్స్’ భాగమొకటి మరియొక ప్రసారసంస్థనుండి తొలగింపబడి, కొలది దినములలో హెచ్చరికతో తిరిగి వచ్చినది. ఆక్షేపణ న్యాయమైనదే కావచ్చును. అయినను చూచి ఆక్షేపించుటకైనను వస్తువు ఉండవలెను గదా. వెనుక టేపులు చెరిపినవారికి దురుద్దేశములేదు. అరలు ఖాళీచేయవలసి వచ్చినది, చేసినారు. నేడు పట్టికలు సవరించువారి స్థితియు ఇట్టిదే.

గ్రంథాలయములు డిస్కులను పారవేయుచున్న ఈ కాలమున విద్యార్థులు గుర్తుంచుకొనవలసిన సంగతి ఇది. పెద్ద జనసమూహము మెచ్చినదానికి రక్షకులు ఎల్లప్పుడును ఉందురు. పదిమంది మాత్రమే మెచ్చినదానిని ఆ పదిమందియే కాపాడుకొనవలెను. హైదరాబాదునుండి 1968లో ప్రారంభమైన ఉర్దూ హాస్యమాసపత్రిక ‘షగూఫా’ పాత సంచికయైనను, మొక్కపాటివారి ‘బారిస్టర్ పార్వతీశం’ పాత ప్రతియైనను, అలమరలో మిగిలిపోయిన పైథాన్ డిస్కైనను, ఎవరో ఒకరు దాచియుంచినందుననే మరియొకరిని నవ్వించుచున్నవి. కావున చేతనున్న ప్రతిని పదిలపరచి, అడిగినవారికి ఎరువిచ్చి, తిరిగి తెచ్చుకొనుట చిన్న పనియని తలపరాదు. తపాలా ఆ పనిని పాతికేండ్లు చేసినది. ఇకమీదట అది మన చేతులలోనికి వచ్చినది.